పెద్దమనిషి ఏడుపు

స్టూడియో, రెండో అంతస్తు
మార్చి 3

బావమరిదికి,

ఇక్కడ మీ అక్కా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ సోఫాలూ, అన్నిటికంటే ముఖ్యంగా మన పెద్దమనిషీ క్షేమమే కదా. వాడు సరిగ్గా తింటున్నాడో లేదో కనుక్కోమని మీ అక్క ఇవాళ నా డబ్బా మూత మీద చీటీ అంటించి పంపింది. మూడేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా కూడబలుక్కుని కుక్కలు పనికిరావని తీర్మానం చేసి వాణ్ని నీ దగ్గరికి పంపించేలా చేయకపోతే ఈ చీటీల బాధ ఉండేది కాదు. తీర్మానం చేసినవాళ్ల పిల్లలు ఇప్పటికీ మెట్ల మీద వాడికంటే ఎక్కువే అరుస్తున్నారు.

ఫోను చెయ్యక ఉత్తరమేమిటంటావు. రికార్డింగులున్న నెలల్లో స్టూడియో బయట నోరు విప్పొద్దని డాక్టరు మళ్లీ ఆంక్ష పెట్టాడు. ఇంట్లో మీ అక్క మాట్లాడుతుంది, నేను చీటీ మీద రాస్తాను. కాపురంలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని ఆవిడ అందరికీ చెప్పుకుంటోంది.

సంగతేమిటంటే, మా కార్టూన్ సీరియల్ మొదలై పద్దెనిమిదేళ్లయింది. నువ్వు టీవీ కొనవు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఒక ఇల్లు, ఇంటాయన, ఇంటావిడ, ఇద్దరు పిల్లలు, ఒక తాత. పద్దెనిమిదేళ్లుగా పిల్లలు రెండో తరగతి దాటలేదు, తాత రేపోమాపో అంటూనే ఉన్నాడు. ఆ ఇంట్లో ఒక కుక్క ఉంది. ఏ పనీ చెయ్యదు కాబట్టి దానికి మేనేజరు అని పేరు పెట్టారు. ఆ కుక్కకు గొంతు నేను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నా చేత చేయించినవి ఆవలింతలు, తుమ్ములు, ఆరో ఏట ఒకే ఒక్క గుర్రుమనడం. అంతే.

ఇప్పుడు మేనేజరుకు సొంతంగా ఒక ఎపిసోడ్ రాశారు! ఇంట్లోవాళ్లంతా ఊరికెళుతూ కుక్కను మర్చిపోతారు. అది రోజంతా గుమ్మంలో కూర్చుని ఏడవాలి. చూసేవాళ్లు నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకోవాలి. మా డైరెక్టరమ్మకు ఇరవయ్యారేళ్లు, నా ఆవలింతలు వింటూ పెరిగిన పిల్ల. "అంకుల్, నాకు మనిషి చేసే కుక్క ఏడుపు వద్దు. కుక్క ఏడుపే కావాలి. మీ వల్ల కాకపోతే చెప్పండి, నిజం కుక్కను తెచ్చుకుంటాం" అంది. ఎంత మర్యాదగా అందో. ఇన్నేళ్లకు ఒక్క అవకాశం వస్తే అది నిజం కుక్కకు పోతే నేనేమైపోవాలి?

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంటావు కదా, పెద్దమనిషి సాయంత్రం ఐదయ్యేసరికి గుమ్మంలో కూర్చుని వీధి మలుపు వైపే చూస్తుంటాడని. ఐదింటికే నేను ఇంటికి వచ్చేవాణ్ని. ఆ ముక్క చదివినప్పుడల్లా రైలు టైములు చూస్తాను. వచ్చి చూద్దామంటే, తిరిగి వెళ్లేటప్పుడు వాడికి మళ్లీ మొదటి రోజే అవుతుందని మనసు చంపుకుని ఆగిపోతున్నాను. కాబట్టి ఈ సాయం చెయ్యి. స్టూడియో రికార్డరు పార్సిల్లో పంపుతున్నాను. ఎర్ర బటన్ నొక్కి గుమ్మం దగ్గర పెట్టు. ఐదింటి వాడి ఏడుపు నాకు కావాలి. విని నేర్చుకుంటాను. ఫోనులో మాత్రం తియ్యకు, ఫోనులో తీసిన కుక్క ఫోను మాట్లాడుతున్న కుక్కలా ఉంటుంది.

మీ బావ

*

సోఫాల కొట్టు
మార్చి 11

బావగారికి నమస్కారాలు.

రికార్డరు అందింది. దాన్ని చుట్టి పంపిన స్పాంజి నాసిరకం. మీరు స్పాంజి అవసరమైతే నన్నడగండి, బయట కొనకండి.

పెద్దమనిషి బాగున్నాడు. తిండికేం లోటు లేదు, నాకే లోటు. ఈ మధ్య వాణ్ని పనిలో కూడా పెట్టుకున్నాను. స్ప్రింగులు బిగించి, పట్టీలు లాగి, గుడ్డ తొడిగాక సోఫా మీదకు వాణ్ని ఎక్కిస్తాను. మూడు చుట్లు తిరిగి పడుకుంటే సరుకు డెలివరీకి సిద్ధం. వాసన చూసి దిగిపోయాడంటే ఎక్కడో స్ప్రింగు తేడా ఉన్నట్టు. ఇప్పటికి ఒక్కసారి కూడా పొరబడలేదు. వాడు పడుకున్న చోట వెంట్రుకలు దులపడమే నా పని. మొత్తానికి కొట్టు యజమాని ఎవరో ఖాతాదారులకు అర్థమైపోయింది.

ఇక ఏడుపు సంగతి. నాలుగు రోజులుగా ఐదింటికి రికార్డరు పెడుతున్నాను. గుమ్మంలో కూర్చుంటున్నాడు. కానీ ఏమైందో, వారం రోజులుగా గొంతు బాగా లేదు. చల్లగాలి తగిలింది కాబోలు. మీ ఇద్దరికీ గొంతు ఒకేసారి పోవడం విచిత్రంగా ఉంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి. లేకపోతే ఏదైనా వేరే కుక్కది తీసి పంపనా? మా సందు చివర ఒకటుంది, దానికి ఏడుపు తప్ప వేరే పని లేదు.

అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది

*

స్టూడియో, రెండో అంతస్తు
మార్చి 17

ఒరేయ్ బావమరిదీ,

వేరే కుక్క ఎందుకురా? నేను నేర్చుకోవలసింది ఏడుపు కాదు, మనిషి కోసం ఎదురుచూసే ఏడుపు. మీ సందు చివరి కుక్క ఎవరి కోసం ఏడుస్తుంది?

నా పరిస్థితి విను. నాలుగు గోడలకూ స్పాంజి అంటించిన చిన్న గది. చొక్కా గుడ్డ రాసుకుంటే చప్పుడవుతుందని ఉన్ని స్వెటరు వేసుకుని, చాప మీద నాలుగు కాళ్ల మీద ఉంటాను. మైకు నేలకు జానెడు ఎత్తులో. అద్దం అవతల డైరెక్టరమ్మ. నిన్న పదకొండు సార్లు ఏడిచాను. మొదటిది పంటి నొప్పిలా ఉందంది. నాలుగోది ప్రెషర్ కుక్కరంది. ఏడోదానికి తల పట్టుకుంది. పదకొండోదానికి, "అంకుల్, మీరు చాలా కష్టపడుతున్నారు, అదే వినపడుతోంది" అంది. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఇంత మెత్తగా తిట్టలేదు.

డాక్టరు మాట పక్కనపెట్టి ఇంట్లో అభ్యాసం చేద్దామంటే, కింది ఫ్లాటు వాళ్లు మళ్లీ కుక్కను తెచ్చామని సంఘానికి ఫిర్యాదు ఇచ్చారు. ఆ ఒక్కటే నాకు దక్కిన మెచ్చుకోలు. మీ అక్క ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

ఇరవై ఎనిమిదో తారీకున ఆఖరి రికార్డింగ్. ఆ రోజుకు కుదరకపోతే నిజం కుక్కను మాట్లాడతామని చెప్పేశారు. పెద్దమనిషికి కాస్త వేన్నీళ్లు తాగించి గొంతు సరిచేయించు. నీకు దణ్ణం పెడతాను, తొందరగా పంపు.

మీ బావ

*

కొట్టు
మార్చి 23

బావగారికి,

రికార్డరులోని మెమరీ కార్డు పంపుతున్నాను. చివరి ముక్క వరకు ముందుకు జరిపి వినండి, మొదట్లో అంతా వీధి చప్పుడే. ఎలా తీశానని మాత్రం అడక్కండి. పనికొస్తే సంతోషం.

రెండు కుర్చీలు తొందరగా ఇచ్చేయాలి, ఎక్కువ రాయలేను.

మీ బావమరిది

*

ఇంటి నుంచి
మార్చి 29

బావమరిదికి,

ఏం రాయను, ఎలా రాయను?

స్టూడియోకి కార్డు పట్టుకెళ్లి, ముందు ఒక్కణ్నే హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నాను. మొదట ఊపిరి. తరవాత సన్నగా, పళ్ల మధ్యనుంచి వచ్చినట్టు ఒక మూలుగు. ఆగిపోయింది. ఎవరో వస్తున్నారనుకుని ఆగినట్టు. రాలేదు. అప్పుడు వచ్చింది అసలుది. బావమరిదీ, నేను నలభై ఏడేళ్ల మనిషిని, స్పాంజి గదిలో చాప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడిచాను. ఇన్నాళ్లూ వాడు సుఖంగా ఉన్నాడులే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నా కోసం వాడు ఇంతగా కుమిలిపోతుంటే, నేను ఇక్కడ కూర్చుని తుమ్ములు తుమ్ముతున్నాను.

డైరెక్టరమ్మ ఏమైందని లోపలికొచ్చి చెవులకు పెట్టుకుంది. పూర్తయ్యేసరికి ఆ పిల్ల ముక్కు ఎర్రబడింది. "అంకుల్, ఇది మనం నేర్చుకోవడం కుదరదు. దీన్నే పెట్టేద్దాం" అంది. నా ఎపిసోడ్ నా చేతిలోంచి పోయింది. కానీ ఓడిపోయింది పెద్దమనిషి చేతిలో కాబట్టి నాకు చిన్నతనమేం లేదు.

ఇక అసలు సంగతి. మూడు రోజులుగా మీ అక్కా నేనూ తిరుగుతున్నాం. ఊరి చివర ఒక ఇల్లు దొరికింది. చిన్న పెరడు ఉంది, గోడ ఎత్తుగా ఉంది, ఇంటివాళ్లకు కుక్కలంటే ఇష్టం. స్టూడియోకి వెళ్లి రావడానికి రోజుకు మూడు గంటలు పోతుంది. పోనీ. బస్సులో నోరు మూసుకుని కూర్చోవడం నా గొంతుకూ మంచిదే. మీ అక్క సరేనంది. చీటీ మీద నేను మొత్తం రాయకముందే తల ఊపింది.

ఏప్రిల్ ఆఖర్లో వచ్చి పెద్దమనిషిని తెచ్చుకుంటాను. మూడేళ్లు వాణ్ని కనిపెట్టుకుని ఉన్నావు, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. వాడి చెవిలో నెమ్మదిగా చెప్పు, బావ వస్తున్నాడని.

మీ బావ

*

సోఫాల కొట్టు
ఏప్రిల్ 4

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మీరు తొందరపడుతున్నారేమోనని నా అనుమానం. చిన్నవాణ్ని, చెప్పకూడదు గానీ చెబుతున్నాను.

ఊరి చివర దోమలుంటాయి. అక్కకు పడదు. ఎత్తు గోడ ఉందంటున్నారు, గాలి ఆడదు. పెద్దమనిషికి తొమ్మిదేళ్లు నిండాయి, రైల్లో సగం రోజు ప్రయాణం వాడి నడుముకు ఏం మంచిది? పైగా మీరు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు, అక్కకు తన పని ఉంటుంది, పగలంతా వాడు ఒంటరివాడవుతాడు. ఇక్కడ పది మందిలో ఉంటాడు. పెరట్లో మట్టి తవ్వితే ఇంటివాళ్లు ఊరుకుంటారా? ముందు ఇష్టమే అంటారు, తరవాత మాట మారుస్తారు. మీకు ఈ వయసులో రోజూ మూడు గంటల బస్సు ఎందుకు? వర్షాకాలం అయ్యాక ఆలోచిస్తే బాగుంటుంది. లేకపోతే వచ్చే ఏడు.

ఇంకో సంగతి. కళ్లద్దాల షాపావిడ ఇచ్చిన సోఫా పని పూర్తిచేశాను, ఆవిడ మెచ్చుకుంది. ఇప్పుడు డాక్టరుగారి గది కుర్చీలు ఎనిమిది వచ్చాయి. అన్నిటికీ పెద్దమనిషి సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు వాణ్ని పంపితే నా పని ఆగిపోతుంది.

ఆ కార్డులో ఉన్నది మరీ అంత పట్టించుకోవలసింది కాదు. కుక్కలన్నాక ఏడుస్తాయి.

మీ బావమరిది

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 9

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకు ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. చిన్నప్పుడు బీరువా అద్దం పగలగొట్టినప్పుడు కూడా వీడు ఇలాగే దోమల గురించి మాట్లాడాడు" అంది.

నాకు మాత్రం బాధగా ఉంది. ఆ ఏడుపు నువ్వు రోజూ వింటూ మూడేళ్లు నాకు చెప్పలేదు. ఇప్పుడు నేను విని వస్తానంటే పట్టించుకోవద్దంటావు. నువ్వు అంత రాతి గుండెవాడివి కావని నాకు తెలుసు. అందుకే అర్థం కావడం లేదు.

ఇంటివాళ్లు తాళంచెవి ఇచ్చారు. ఇరవయ్యో తారీకుకు మా ఫ్లాటు ఖాళీ చేస్తున్నట్టు సంఘానికి కాగితం ఇవ్వాలి. ఇచ్చాక వెనక్కి తీసుకోలేను. ఈలోగా అసలు సంగతేమిటో నాకు రాయి. నిన్ను తిట్టను. పెద్దమనిషికి ఏమైనా ఒంట్లో బాగాలేకపోతే అదైనా రాయి.

మీ బావ

*

కొట్టు, తలుపులు వేసుకుని
ఏప్రిల్ 13

బావా,

పెద్దమనిషికి ఏమీ కాలేదు. నాకంటే బాగున్నాడు. ముందు ఆ మాట చదివి స్థిమితపడి, మిగతాది చదవండి.

ఆ ఏడుపు వాడిది కాదు. నాది.

వరసగా చెబుతాను. సాయంత్రం ఐదింటికి వాడు గుమ్మంలో కూర్చునే మాట నిజమే. ఐదింటికి బ్రెడ్డు బండి వస్తుంది. బండాయన రోజూ మాడిపోయిన అంచు ఒకటి వాడికి పడేస్తాడు. వాడు వీధి మలుపు వైపు చూసేది ఆ బండి కోసం. మీరు మొదటి నెలలో రాసిన ఉత్తరాల్లో అక్షరాలు వణికిపోతున్నాయి. బండి సంగతి రాస్తే మీ మనసు చివుక్కుమంటుందని, ఊరికే చూస్తుంటాడని రాశాను. మీరు మీ కోసమే అనుకున్నారు. అనుకోనిచ్చాను. తరవాత ప్రతి ఉత్తరంలోనూ అదే రాయాల్సి వచ్చింది.

వాడు ఇక్కడికొచ్చిన రెండో రోజు నుంచే గిన్నె ఖాళీ చేశాడు బావా. మూడేళ్లలో ఒక్కసారి ఏడవలేదు. మీ రికార్డరు వచ్చాక నా తల ప్రాణం తోకకొచ్చింది. వాణ్ని గదిలో పెట్టి తలుపు వేశాను, ఏడుస్తాడేమోనని. నిద్రపోయాడు. గిన్నె చూపించి దాచాను. నా వైపు జాలిగా చూశాడు. చివరికి నేనే ఏడిచి పంపేద్దామని తలుపు మూసుకుని నాలుగు రోజులు ప్రయత్నించాను. తలుపు బందులు తుప్పుపట్టినట్టు వచ్చింది తప్ప కుక్కలా రాలేదు. మీ ఉద్యోగం ఎంత కష్టమో నాకప్పుడు అర్థమైంది.

ఐదో రోజు మధ్యాహ్నం ఎర్ర బటన్ నొక్కి, ఒకసారి మూలిగి, విసుగొచ్చి, రికార్డరు గుమ్మం పక్క కిటికీలో పెట్టేసి భోజనానికి వెళ్లాను. ఆపడం మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి కళ్లద్దాల షాపావిడ మూడు సీట్ల సోఫా లేదు. డెలివరీ వ్యాను వాళ్లు తీసుకెళ్లారు, అది మామూలే, తాళంచెవి వాళ్ల దగ్గరుంటుంది. కానీ పెద్దమనిషి కూడా లేడు. తలుపు బార్లా తీసి ఉంది.

వీధులన్నీ తిరిగాను. బస్టాండు దాకా పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ తెగాయో తెలియదు. ఎక్కడా లేడు. వాడు తిరిగొస్తే కొట్టు మూసి ఉంటుందేమోనని వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బ్రెడ్డు బండి వచ్చింది, బండాయన అంచు చేత్తో పట్టుకుని వాడేడని అడిగాడు. అంచు నా పక్కన గుమ్మం మీద పెట్టాడు. ఆయన వెళ్లిపోయాడు.

తరవాత పావుగంటకు డెలివరీ వ్యాను వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన పెద్దమనిషి. దుమ్ము పడకుండా సోఫా మీద నేను కప్పిన దుప్పటి కింద దూరి పడుకున్నాడట. వాళ్లు సోఫాను ఎత్తారు, వ్యాన్లో పెట్టారు, ఊరు దాటించారు, మూడో అంతస్తుకు మోశారు, నిద్ర లేవలేదు. ఆవిడ దుప్పటి తీసి చూసి, "కుక్క కూడా సోఫాతోపాటు వస్తుందా?" అని అడిగిందట!

మర్నాడు రికార్డరు పట్టుకుని చూస్తే ఇంకా ఎర్రగా వెలుగుతోంది. విన్నాను. ఆ చప్పుడు నేను చేసినట్టు నాకు తెలియదు బావా. ఎవరిదో అనుకున్నాను. తరవాత బ్రెడ్డు బండాయన గొంతు వినపడింది, ఆయన వెళ్లాక మళ్లీ అది. అప్పుడు తెలిసింది. బండాయన మాటలూ, వ్యాను వచ్చాకదంతా కత్తిరించమని పక్కవాళ్ల పిల్లాడిని అడిగి, మిగతాది మీకు పంపేశాను. కుక్కలాగే ఉంది కదా, మీకు పనికొస్తుంది కదా అనుకున్నాను. మీరు విని ఇల్లు మారతారని కలలో కూడా అనుకోలేదు.

దోమలూ లేవు, నడుము నొప్పీ లేదు. వాడు లేకపోతే నేను ఉండలేను, అంతే. కానీ కుక్క మీది. మీరు నా దగ్గర ఉంచినది. అబద్ధం ఆడింది నేను కాబట్టి ఏమీ అడిగే హక్కు నాకు లేదు. తాళంచెవి ఏం చెయ్యాలో మీరే చూసుకోండి. వస్తే వాడి సామాన్లు సర్ది ఉంచుతాను.

మీ బావమరిది

*

స్టూడియో, రెండో అంతస్తు
ఏప్రిల్ 27

బావమరిదికి,

రెండు వారాలు జవాబు రాయలేదంటే కోపం వచ్చిందనే అర్థం. ముందు కోపం సంగతి రాస్తాను.

మొదటి కోపం నా మీద. పద్దెనిమిదేళ్లుగా కుక్క గొంతుతో అన్నం తింటున్నవాణ్ని, మనిషి ఏడుపుకూ కుక్క ఏడుపుకూ తేడా కనిపెట్టలేకపోయాను. అదీ సొంత బావమరిది గొంతు! రెండో కోపం నీ మీద. ఎందుకో తెలుసా? నా చెవిలో పువ్వు పెట్టినందుకు కాదు. వాడు ఏడవడం లేదన్నందుకు. మూడేళ్లు నా కోసం దిగులు పడుతున్నాడని కుమిలిపోయాను. పడటం లేదని తెలిశాక అంతకంటే ఎక్కువ కుమిలిపోయాను. బ్రెడ్డు అంచు పాటి చెయ్యనా నేను? రెండు రోజులు అన్నం సయించలేదు. మీ అక్క చూసి చూసి, "అంటే వాడు ఏడుస్తూ ఉండాలనా మీ కోరిక?" అంది. చీటీ మీద "అన్నం పెట్టు" అని రాశాను.

ఆ రోజు హాయిగా నిద్రపట్టింది. మూడేళ్లలో మొదటిసారి.

డైరెక్టరమ్మకు నిజం చెప్పక తప్పలేదు. నీ ఉత్తరం చేతికిచ్చాను, క్షమించు. సోఫాతోపాటు కుక్క దగ్గర నవ్వడం మొదలుపెట్టి నేల మీద కూర్చుండిపోయింది. తరవాత చివరి పేజీ చదివి లేచి, తన గదిలోకి వెళ్లిపోయింది. మర్నాటికి ఎపిసోడ్ మారిపోయింది. ఇప్పుడు ఇంట్లోవాళ్లు కుక్కను మర్చిపోరు. బాగుచేయడానికి పంపిన సోఫాలో మేనేజరే నిద్రపోయి వ్యాన్లో ఊరంతా తిరుగుతాడు. ఒక్క క్షణం కూడా దిగులు పడడు. ఇక్కడ ఇంటాయన గుమ్మంలో కూర్చుంటాడు. ఆ ఏడుపు ఇంటాయనది. అంటే నీది. నువ్వు వద్దంటే తీసేస్తారట, ఒక ముక్క రాసి పంపు. ఇంటాయనకు గొంతిచ్చే పెద్దాయన మాత్రం రుసరుసలాడుతున్నాడు. "ఇన్నేళ్లుగా ఇంటాయన నేను, ఏడుపు మాత్రం ఎవరో సోఫాలవాడిదా?" అంటాడు.

నేను చెయ్యవలసింది ఇప్పుడు సుఖంగా ఉన్న కుక్క. దుప్పటి కింద మూడు చుట్లు తిరిగి, ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి పడుకోవాలి. పెద్దమనిషి మా మంచం కింద అలాగే చేసేవాడు. ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టరమ్మ అద్దం అవతల లేచి నిలబడింది.

తాళంచెవి తిరిగిచ్చేశాను. వాడు నా కుక్కగా ఉన్నది ఆరేళ్లు, నీ దగ్గర మూడేళ్లు, లెక్క చూస్తే నాదే. కానీ వాడు కనపడకపోతే అలా ఏడిచేవాడు నువ్వు. నేను ఏడిచింది రికార్డరు విని. కుక్క నీది బావమరిదీ. మనస్ఫూర్తిగా రాస్తున్నాను, ఈ కాగితం దాచుకో.

మీ బావ

*

సోఫాల కొట్టు
జూన్ 16

బావగారికి నమస్కారాలు.

ఎపిసోడ్ చూశాం. నాకు టీవీ లేదు కాబట్టి పోయిన ఆదివారం సాయంత్రం బ్రెడ్డు బండాయన ఇంటికి వెళ్లాం, నేనూ పెద్దమనిషీ. ఆయన భార్య మమ్మల్ని కొత్త సోఫాలో కూర్చోబెట్టింది. చూడగానే స్ప్రింగు తేడా తెలిసింది, మర్యాద కాదని ఊరుకున్నాను. పెద్దమనిషి మాత్రం ఊరుకోలేదు, వాసన చూసి దిగి నేల మీద పడుకున్నాడు.

వ్యాను దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. ఇంటాయన గుమ్మంలో కూర్చునేసరికి నాకు చెవులు మూసుకుందామనిపించింది. బండాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ రోజు అంచు పట్టుకుని నిలబడినవాడు ఆయన. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంత జరుగుతున్నా పెద్దమనిషి తల ఎత్తలేదు. నేను అంతగా ఏడుస్తుంటే వాడికి చీమ కుట్టినట్టైనా లేదు.

చివర్లో మేనేజరు ఇంటికొచ్చాడు. దుప్పటి కింద మూడు చుట్లు తిరిగి, ముక్కుతో ఊపిరి వదిలాడు. అంటే మీరు వదిలారు.

పెద్దమనిషి లేచాడు బావా. చెవులు రెండూ నిలబెట్టి టీవీ దగ్గరికి వెళ్లాడు. తెర వాసన చూశాడు. టీవీ వెనక్కి వెళ్లాడు, వైర్ల మధ్య తల దూర్చి వెతికాడు. మంచం కింద చూశాడు. వాళ్ల వంటగదిలోకి, అక్కణ్నుంచి వీధి గుమ్మంలోకి వెళ్లి, తలుపు వేసి ఉంటే దాని ముందు కూర్చున్నాడు. అప్పుడు ఏడిచాడు. మీరు నేర్చుకుందామనుకున్నది అదే. ఈసారి నేను కాదు, ఒట్టు. పేర్లు పడి, పాటైపోయి, వేరే కార్యక్రమం మొదలైనా ఆపలేదు. ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

ఇది మీకు రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. రాయకపోతే మీకు ఎప్పటికీ తెలియదు. కుక్క నాదని మీరు రాసిచ్చిన కాగితం సొరుగులో ఉంది, రోజుకోసారి తీసి చదువుకుంటున్నాను. మీరు వాణ్ని చూస్తే మళ్లీ మనసు మారుతుందేమోనని నాకు భయం. మిమ్మల్ని చూస్తే వాడి మనసు మారుతుందేమోనని ఇంకా భయం. కానీ వాడు మిమ్మల్ని మర్చిపోలేదు. బ్రెడ్డు అంచు కోసం వాడు ఎప్పుడూ ఏడవలేదు, మీకు ఆ సంగతి తెలియాలి.

కాబట్టి మీరూ అక్కా బయల్దేరి రండి. రికార్డింగులు అయిపోయాయి కదా, నోరు విప్పి వాణ్ని పేరుపెట్టి పిలవండి. నాలుగు రోజులు ఉండండి. తిరిగి వెళ్లేటప్పుడు వాడు ఏడిస్తే పక్కన నేనుంటాను. మీ వెంట వస్తానంటే, తలుపు నేనే తీస్తాను.

మీ బావమరిది